పాస్‌వర్డ్ కొడుతుంటే కిటికీ వైపు తిరిగిన టీచర్ గారు

మా ఎదురింటి టీచర్ గారు పోయారని వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గిన్నెలు సర్దుతున్నాను. నిద్రలోనే పోయారట. ముందురోజు సాయంత్రం దాకా పక్కింటి పిల్లకి భిన్నాలు నేర్పిస్తూ కూర్చున్నారట. "అమ్మ ఫోన్లో మీ నంబరు 'మస్కట్ అమ్మాయి' అని ఉందక్కా. అది చూసే చేస్తున్నాను" అంది. ఫోన్ పెట్టేశాక సర్దిన గిన్నెలే మళ్లీ మొదట్నుంచి సర్దాను.

2008లో మేం మస్కట్‌లోని అజైబాలో ఒక మూడంతస్తుల బిల్డింగ్‌లో రెండో అంతస్తులో ఉండేవాళ్లం. మా తలుపుకి ఎదురు తలుపు ఆవిడది. ఇండియన్ స్కూల్లో లెక్కలు చెప్పేవారు. తెనాలి వైపు వాళ్లు. భర్త ఎడారిలో చమురు బావుల దగ్గర ఉద్యోగం కావడంతో నెలలో సగం రోజులు అక్కడే ఉండిపోయేవారు. అందుకని గోడకి మేకు కొట్టడం దగ్గర్నుంచి కంప్యూటర్ బాగుచేసుకోవడం దాకా ఆవిడే చూసుకునేవారు. పెళ్లయి రెండేళ్లయినా నాకింకా ఆ ఊరు కొత్తగానే ఉండేది. చంకలో ఏడాది పిల్ల. నాకు తెలిసిన మస్కట్ సగం ఆవిడ గుమ్మంలోనే ఉండేది.

ఆవిడకో అలవాటు ఉంది. మా బెల్లు కొట్టి, వెంటనే ఓ అడుగు వెనక్కి వేసి నిలబడేవారు. తలుపు కన్నంలోంచి చూస్తే మనిషి నిండుగా కనిపించాలని. అప్పటికీ "నేనే, టీచర్ని" అనేవారు. ఎందుకండీ రోజూ చెప్పడం, నాకు తెలియదా అంటే, తలుపు తీసేది నువ్వు కదా, ఎవరికి తీస్తున్నావో నీకు తెలియాలి కదా అనేవారు. మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలితో చూపుడువేలు రుద్దుకుంటూ ఉండేవారు. చాక్‌పీసు పొడి దులుపుకునే అలవాటు సెలవు రోజుల్లో కూడా పోయేది కాదు.

ఆ ఏడాది మా వారు వైర్‌లెస్ రూటర్ కొనుక్కొచ్చారు. డబ్బాలోంచి తీసి, వైరు గుచ్చి, స్విచ్ వేయగానే లాప్‌టాప్‌లో నెట్ వచ్చేసింది. పాస్‌వర్డ్ అడగలేదు, మేమూ పెట్టలేదు. ఇంత తేలికా అని మురిసిపోయాం. మా పాత కంప్యూటర్‌లో పిల్ల ఫోటోలు, నా ఫోటోలు ఉన్న ఫోల్డర్‌ని లాప్‌టాప్‌లో కూడా కనిపించేలా షేర్ చేశారాయన. నేను మంచం మీద కూర్చునే వాటిని మా అమ్మకి మెయిల్ చేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆ ఫోల్డర్ తెరిస్తే ఫోటోల మధ్యలో కొత్తగా ఒక చిన్న ఫైలు ఉంది. తెరిచాను. ఇంగ్లీషులో ఒకటే వాక్యం. ఫోటోలు బాగున్నాయి మేడమ్ అని.

అందులో నేను తలంటుకుని జుట్టారబెట్టుకుంటున్న ఫోటోలున్నాయి. పిల్లకి పాలు పట్టాక అలాగే నిద్రపోయినప్పుడు మా వారు తీసిన ఫోటో ఉంది. పిల్లని ఎత్తుకుని చెప్పుల్లేకుండా ఎదురింటికి పరిగెత్తాను. ఆవిడ అప్పుడే స్కూలు నుంచి వచ్చినట్టున్నారు, బ్యాగు ఇంకా భుజానే ఉంది. నేను చెప్పింది సగం అర్థమై ఉంటుంది, సగం నా ఏడుపులో పోయి ఉంటుంది.

"ముందు కూర్చో. నిలబడి భయపడితే కాళ్లు ఎటో తీసుకుపోతాయి" అన్నారు.

నన్ను కూర్చోబెట్టి, మా ఇంట్లోకి వెళ్లి రూటర్ స్విచ్ ఆపి వచ్చారు. ఇప్పుడిక ఎవరూ లోపలికి రాలేరు, మిగతాది తర్వాత తీరిగ్గా చూద్దాం అని కాఫీ కలిపారు. ఎవరో చూసేశారు కదండీ అన్నాను. అవును, చూశారు, అది మనం వెనక్కి తీసుకోలేం అన్నారు. ఏం కాదులే అని ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఎందుకో ఆ మాట విన్నాకే కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను.

మా వారు ఆఫీసు నుంచి వచ్చి, విని, అగ్గి మీద గుగ్గిలమయ్యారు. ఆయన ఆలోచన నేరుగా నర్సయ్య మీదికి పోయింది. నర్సయ్య మా బిల్డింగ్ ఏసీలు చూసే మెకానిక్, జగిత్యాల వైపు మనిషి. అంతకు వారం ముందే హాల్లో ఏసీ బాగుచేసి వెళ్లాడు. రూటర్ సరిగ్గా ఆ ఏసీ కిందే ఉండేది. పై అంతస్తులో మా వారి ఆఫీసులోనే పెద్ద హోదాలో ఉన్న ఒకాయన ఉండేవారు. ఆయన్ని సలహా అడిగితే, ఇళ్లలోకి వచ్చే పనివాళ్లతో జాగ్రత్తగా ఉండాలి, వెంటనే కంప్లైంట్ ఇవ్వండి అన్నారట. మా వారు అక్కడి నుంచే మెయింటెనెన్స్ కంపెనీ ఫోర్‌మన్‌కి ఫోన్ చేసేశారు. మర్నాడు నర్సయ్యని డ్యూటీకి రావద్దన్నారని వాచ్‌మన్ చెప్పాడు. రాతపూర్వకంగా కంప్లైంట్ ఇస్తే వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపించేస్తారని కూడా అన్నాడు.

ఈ సంగతి చెబితే టీచర్ గారి మొహం మారిపోయింది. మీవారు రాగానే నన్ను పిలువు అని మాత్రం అన్నారు. ఆ సాయంత్రం వచ్చి రూటర్ ఆన్ చేయించారు. లాప్‌టాప్ మా వారి చేతికిచ్చి, సిగ్నల్ గీతలు చూస్తూ నడవమన్నారు. ముందు ఆయన, వెనక మేం. మెట్లు దిగేసరికి గీతలు తగ్గాయి. పార్కింగ్ దాటేసరికి ఒక్కటే మిగిలింది. వీధి మొదట్లో కిరాణా కొట్టు దగ్గర అదీ పోయింది. నర్సయ్య వాళ్ల రూమ్ ఇంకా అవతల, మెయిన్ రోడ్డు దాటాక. కొట్టతను మా ముగ్గురినీ, తెరిచిన లాప్‌టాప్‌నీ వింతగా చూశాడు. అక్కడి నుంచి వెనక్కి తిరిగి మా అంతస్తు దాటి పైకి నడిపించారు. పై గుమ్మాల ముందు గీతలు నిండుగా వెలిగాయి.

మా వారు ఒప్పుకోలేదు. "అతను ఇంట్లోకి వచ్చాడు కదండీ. అప్పుడేదో చేసుంటాడు" అన్నారు.

"పాస్‌వర్డే లేనప్పుడు అతను ఇంట్లోకొచ్చి తీసుకుపోయేదేముంది బాబూ? మీ నెట్ మీ ఇంట్లో లేదు. గోడలు దాటి ఇక్కడ మెట్ల మీదుంది. లాప్‌టాప్ ఉన్నవాళ్లెవరైనా తీసుకోవచ్చు."

మరెవరంటారు అని ఆయన గొంతు తగ్గించి అడిగారు. అది వెతకడం మొదలుపెడితే ఈ బిల్డింగ్‌లో అన్ని మొహాలూ అనుమానంగానే కనిపిస్తాయి, మీరు తలుపు వేసుకోండి, నర్సయ్య డ్యూటీ సంగతి మాత్రం ఇప్పుడే చూడండి అన్నారావిడ. మా వారు ఫోర్‌మన్‌కి ఫోన్ చేసి, పొరపాటు పడ్డాను, అతని తప్పేమీ లేదు అని చెప్పారు. సరే అన్నాడు ఫోర్‌మన్. కానీ నర్సయ్యని మా బిల్డింగ్‌కి పంపకుండా ఎక్కడో దూరాన ఖబూరా అనే ఊళ్లో సైట్‌కి మార్చేశాడు.

తర్వాత నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు టీచర్ గారు. కీబోర్డు మీద ఆవిడ వేలు పెట్టలేదు. ఇంట్లో రోజంతా ఉండేదానివి నువ్వు, ఇది నీకు రావాలి అన్నారు. ముందు రూటర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య వైరు పెట్టించారు. మార్పులు చేస్తుంటే వైర్‌లెస్ మధ్యలో తెగిపోతుందట, వైరుంటే ఆ బాధ ఉండదు. బ్రౌజర్‌లో రూటర్ వెనక అతికించి ఉన్న అంకెలు కొట్టమన్నారు. పేరు, పాస్‌వర్డ్ అడిగింది. రెంటికీ 'అడ్మిన్' అనే కొట్టమన్నారు. తెరుచుకుంది. కంపెనీ నుంచి వచ్చే ప్రతి డబ్బాకీ ఇదే తాళంచెవి, ఊళ్లో అందరి దగ్గరా ఉంటుంది, అందుకని ముందు మార్చాల్సింది దీన్నే అన్నారు.

నెట్‌వర్క్ పేరు దగ్గర మా వారు తన పేరు పెడదామన్నారు. ఇది ఇంటి ముందు బోర్డు కాదు బాబూ, ఎవరిదో బయటివాళ్లకి తెలియకపోవడమే మంచిది అని నవ్వారు. ఫ్లాట్ నంబరు కూడా వద్దన్నారు. ఆ కింద సెక్యూరిటీ దగ్గర రెండు మూడు రకాలు కనిపించాయి. మొదటిది పాతది, తెలిసినవాడు కాసేపట్లో తెరిచేస్తాడు, చివరిది తీసుకో అన్నారు. ఇక పాస్‌వర్డ్. పిల్ల పేరొద్దు, ఫోన్ నంబరొద్దు, పెళ్లిరోజొద్దు. నీకు మాత్రమే గుర్తుండే ఒక వాక్యం అనుకుని, తెలుగుదే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, మధ్యలో అంకెలు కలుపు అన్నారు.

అంత చెప్పి ఆవిడ కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. నేను కొట్టడం అయ్యేదాకా వీధిలోకే చూస్తూ ఉండిపోయారు.

"మీరు చూస్తే ఏమవుతుందండీ?" అన్నాను.

"ఏమీ కాదు. కానీ ఇది నీది. నాకు కూడా చెప్పొద్దు."

అప్పటిదాకా ఆ ఇంట్లో నాది అని నేను ఏదీ అనుకోలేదు. అద్దె మా వారి పేరు మీద, కరెంటు ఆయన పేరు మీద, నా వీసా కూడా ఆయన మీదే. ఆ వాక్యం మాత్రం నేను అల్లింది. మా వారికి కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. చివర్లో ఫోల్డర్ షేరింగ్ తీసేయించారు. ఆ ఫైలు ఏం చేయను అంటే, నీ ఇష్టం అన్నారు. నేనే తుడిచేశాను.

నాలుగైదు రోజుల తర్వాత మా వారు పార్కింగ్ నుంచి పైకి వచ్చి షూస్ విప్పకుండా అలాగే సోఫాలో కూలబడ్డారు. పై అంతస్తు పెద్దమనిషి కనిపించి, ఈమధ్య మీ నెట్ రావట్లేదేంటి, ఏమైనా ప్రాబ్లమా అని అడిగారట. అడిగాక గానీ ఏం అడిగారో ఆయనకి అర్థమైనట్టు లేదు. చూపు తిప్పేసుకుని కారెక్కారట. మా వారు వంగి షూస్ విప్పుకుంటూ, శుక్రవారం ఖబూరా వెళ్దాం అన్నారు.

టీచర్ గారు కూడా వచ్చారు. రోడ్డు వెంట ఖర్జూరం తోటలు, మధ్యమధ్యలో సముద్రం. సైట్ పక్కన రేకుల గదుల్లో ఉన్నాడు నర్సయ్య. సెలవు రోజు కదా, బట్టలుతికి తీగ మీద ఆరేస్తున్నాడు. మమ్మల్ని చూసి చేతులు తుడుచుకున్నాడు గానీ ముందుకు రాలేదు. మా వారే వెళ్లి, తప్పు నాది నర్సయ్యా, తెలుసుకోకుండా ఫోన్ చేశాను అన్నారు.

"గీ మాట చెప్పనీకె గింత దూరం అచ్చిండ్రా సార్?" అన్నాడతను. తీగ మీద చొక్కా సర్దుతూ నెమ్మదిగా అన్నాడు. "రూమ్‌ల ఒక్కన్నే కూసున్న సార్. ఎందుకు ఆపిండ్రో ఫోర్‌మన్ చెప్పలే. మా ఇంటామెకు ఫోన్ చేసి ఏం చెప్పాల్నో తెలువలే. నన్ను పిలిచి ఒక్క మాట అడిగితే అయిపోవు గద."

అవును, అడగాల్సింది అన్నారు మా వారు. నర్సయ్య లోపలికి వెళ్లి అందరికీ పాలు లేని టీ తెచ్చాడు. మా పాపకి బిస్కెట్ ఇచ్చాడు. తిరిగి మస్కట్ రమ్మంటే మాత్రం, ఈడ మంచిగనే ఉన్నది సార్ అన్నాడు. మళ్లీ మా ఇంటికి ఎప్పుడూ రాలేదు.

దారిలో నేనుండబట్టలేక, మీరు అక్కడ ఒక్క మాటైనా మాట్లాడలేదేం అని టీచర్ గారిని అడిగాను. నేను మాట్లాడితే అది నేను చెప్పించినట్టుండేది అన్నారు. ముందు సీట్లో మా వారు అద్దంలోంచి ఆవిడ వైపు చూశారు. ఆ రోజు తర్వాత ఆయన ఆవిణ్ణి ఎప్పుడూ పేరుపెట్టి ప్రస్తావించలేదు, 'మన టీచర్ గారు' అనే అనేవారు.

పై అంతస్తాయన బదిలీ మీద వెళ్లేదాకా మెట్ల మీద కనిపిస్తూనే ఉన్నారు. టీచర్ గారు ఆయన్ని మామూలుగానే పలకరించేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆ మాటే చెప్పాను. కోపం పోనక్కర్లేదమ్మాయ్, కోపమూ ఉంచుకో, తాళమూ ఉంచుకో అన్నారు. ఆ మాట నాకు ఇన్నేళ్లలో చాలా చోట్ల పనికొచ్చింది.

తర్వాత బిల్డింగ్‌లో ఒక్కొక్కరూ వాళ్ల రూటర్‌కి కూడా పాస్‌వర్డ్ పెట్టడం నేర్పమని పిలవడం మొదలుపెట్టారు. అప్పట్లో అక్కడ వారం సెలవులు గురు, శుక్రవారాలు కాబట్టి గురువారాలు స్కూలు ఉండేది కాదు. ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం. చెప్పేది నేను, పక్కన స్టూలు మీద ఆవిడ. నేనెక్కడైనా తడబడితే వెంటనే అందించేవారు కాదు, నాకు తట్టేదాకా వేలు రుద్దుకుంటూ కూర్చునేవారు. ఒక ఇంటావిడ తన పాస్‌వర్డ్ పైకే చెబుతూ కొట్టబోతే, నాకు తెలియకుండానే లేచి కిటికీ వైపు తిరిగాను. టీచర్ గారు అప్పటికే తిరిగి ఉన్నారు. ఒకర్నొకరం చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయాం.

ఆవిడ భర్త రిటైరయ్యాక వాళ్లు ఇండియా వెళ్లిపోయారు. ఆయన సామాన్లతో ముందే వెళ్లారు, స్కూలు పరీక్షలు ముగించుకుని ఆవిడ ఒక్కరే బయల్దేరారు. మేం ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్లాం. లోపలికి వెళ్లేముందు మా పాప తల నిమిరి వెళ్లిపోయారు. తర్వాత ఫోన్లే గానీ మళ్లీ ఆవిణ్ణి చూడలేదు.

ఆ రోజు అద్దం ఇవతల నిలబడి చూస్తున్నాను. చెకిన్ లైన్లో ఆవిడ ముందు ఒకామె ఉంది, కడప వైపు మనిషి అనుకుంటా. ఎవరింట్లోనో పనిచేసి, చాలాకాలానికి ఇంటికి పోతున్నట్టుంది. నైలాన్ తాడుతో కట్టిన పెద్ద అట్టపెట్టెని కాలితో తోసుకుంటూ కదులుతోంది. టీచర్ గారు తన బ్యాగు భుజానికి తగిలించుకుని, వంగి ఆ తాడు ఒక కొస పట్టుకున్నారు. రెండో కొస ఆమె పట్టుకుంది. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూ, లైను కదిలినప్పుడల్లా ఆ పెట్టెని ఎత్తి, కొంచెం ముందుకు జరిపి, మళ్లీ కింద పెడుతున్నారు.