బారన్ గారి ఐదో అంత్యక్రియలు

సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు పాలు పొయ్యి మీద పెట్టాను. ఒమాన్‌లో బహ్లా ఊరి చివర, ఖర్జూరపు తోటల మధ్య ఉన్న ఒక పాత ఇంటి వంటగదిలో. టైము ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం ఉంది. నాలుగున్నరకు నా యజమాని అంత్యక్రియలు మొదలుకావాలి. అంతలోపు అందరికీ టీ ఇచ్చేయాలి, ఆయనతో సహా.

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇక్కడికి రాకముందు రాయచోటి వైపు ఒక చిన్న గ్రంథాలయంలో ఏడేళ్ళు పనిచేశాను. అక్కడ దయ్యాల పుస్తకాలకే గిరాకీ ఎక్కువ. చిరిగిన అట్టలకు జిగురు రాసింది నేనే, ఆరేలోపు అవన్నీ చదివిందీ నేనే. ఒక్కటి కూడా నన్ను భయపెట్టలేదు. ఇది కూడా ఎవరినీ భయపెట్టడానికి రాయడం లేదు. మా తమ్ముడు సుబ్బరాయుడు పోయి రెండేళ్ళయింది. ఆ రోజు జరిగింది జరిగినట్టు ఒకచోట రాసిపెడితే మనసు కాస్త నిలుస్తుందేమోనని రాస్తున్నాను.

ముందు ఆ యజమాని సంగతి చెప్పాలి.

ఆయనది ఇటలీకి దక్షిణాన ఉన్న సిసిలీ ద్వీపం. బారన్ అనేది వాళ్ళ వంశానికి ఉన్న బిరుదు, మన జమీందారు లాంటిది. భూములు పోయాయి, బిరుదు మిగిలింది. అప్పటికి ఆయనకు ఎనభై ఒకటి. సన్నగా, పొడుగ్గా, కొద్దిగా ఎడమకు ఒరిగి నడుస్తాడు. వాళ్ళ ఊళ్ళో నిమ్మతోటలకు నీళ్ళు పారించే పద్ధతి వెయ్యేళ్ళ కిందట అరబ్బులు నేర్పిందట. ఆ పద్ధతి ఎక్కడ పుట్టిందో చూడాలని అరవయ్యో ఏట రెండు వారాల కోసం ఒమాన్ వచ్చాడు. ఇక్కడ ఫలజ్ అనే కాలవ ఉంటుంది, వంతు ప్రకారం ఒక్కో తోటకు నీళ్ళు వదులుతారు. దాన్ని చూసి తిరిగి వెళ్ళలేదు. ఇల్లు అద్దెకు తీసుకుని నిమ్మచెట్లు నాటాడు.

ప్రతి చెట్టుకూ ఒక పేరుంది. అవన్నీ వాళ్ళ తాత కోర్టుల్లో ఓడిపోయిన వ్యాజ్యాల పేర్లు. "సరిహద్దు గోడ ఈసారి బాగా కాసింది, మేనత్త కట్నానికి చీడ పట్టింది" అంటూ తోటలో తిరిగేవాడు. గడియారాలంటే పడదు. ఇంట్లో ఉన్నది ఒక్కటే, నా వంటగదిలో. దాన్ని చూడాల్సి వస్తుందని వంటగదిలోకి వచ్చేవాడు కాదు. ఫ్యాన్లు కూడా తీయించేశాడు, వాటి చప్పుడు గడియారం చప్పుడులా ఉంటుందని.

ఆయన దగ్గర ఒక రేకు పెట్టె ఉంది. దాని నిండా వాళ్ళ తాతకు వచ్చిన ఉత్తరాలు, తాత జవాబివ్వకుండా వదిలేసినవి. బారన్ రోజూ పొద్దున ఒక ఉత్తరం తీసి జవాబు రాస్తాడు. ఆలస్యానికి క్షమాపణతో మొదలుపెడతాడు. రాసింది కవరులో పెట్టి, చిరునామా రాసి, డ్రైవరు వర్గీస్‌తో పోస్టు చేయిస్తాడు. కొన్ని తిరిగొస్తాయి. కొన్ని రావు. రానివాటి గురించి ఆయన ఎక్కువ ఆలోచిస్తాడు.

ఇక అంత్యక్రియలు. వాళ్ళ నాన్న శవయాత్రలో మోసేవాళ్ళు మెట్ల మీద పట్టు తప్పారట. పాదిరీ వేరే ఎవరి పేరో చదివాడట. ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారట. అప్పుడు ఈయనకు పంతొమ్మిదేళ్ళు. తనకు అలా జరగకూడదని పట్టుబట్టి, ఏటా తన పుట్టినరోజున అభ్యాసం చేయిస్తాడు. ఆ ఏడు చేసింది నేను పనిలో చేరాక ఐదోది. నల్లకోటు, నల్ల పట్టు సాక్సులు వేసుకుని హాల్లో మంచం మీద చేతులు కట్టుకుని పడుకుంటాడు. కేరళ క్రైస్తవుడైన వర్గీస్ ప్రార్థన చదవాలి. నేను ఏడవాలి. కళ్ళు మూసుకునే ఉండి మా ఇద్దరి తప్పులూ చెప్పేవాడు. నిదానంగా చదువు, ఏడుపు ముందే మొదలుపెట్టకు, అని. అయిపోయాక లేచి బాదం మిఠాయి పంచేవాడు.

నాకు ఏడుపు తొందరగా రాదు. మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు, పనులు చేశాను. నోట్లో నీళ్ళు పోసి, కళ్ళు మూసి, కాళ్ళ బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టింది నేనే. ఆ సంగతి ఒకసారి చెబితే బారన్ ఆసక్తిగా విన్నాడు. అప్పట్నుంచి ప్రతి ఏడూ అడిగేవాడు, తనకు కూడా అలా చేయమని. బతికున్న మనిషికి చేయకూడదు సార్, అని ప్రతి ఏడూ కాదన్నాను.

ఆ మధ్యాహ్నం మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు మస్కట్ దగ్గర మబేలాలో టైల్స్ పని చేస్తూ, కంపెనీ కూలీల క్యాంపులో ఉండేవాడు. బహ్లా నుంచి కారులో రెండు గంటలు. మేమిద్దరం ఒకే దేశంలో ఉన్నా ఏడాదికి రెండుసార్లకు మించి కలిసింది లేదు.

"ఏమక్కా, మీ దొర ఈ యేడు గూడా సచ్చి లేస్తాండాడా?" అన్నాడు.

"ఈపొద్దే. నోరు మూసుకో."

"ఈసారన్నా గట్టిగా ఏడువు. పోయినసారి బాగా రాల్యాదని మళ్ళా ఏడిపిచ్చినాడంటివే."

"నా ఏడుపు నేను ఏడుస్తాలే. డ్యూటీకి పోలేదా నువ్వు?"

"ల్యా. పొద్దున్నించి ఎదలో పట్టుకున్నెట్టుండాది. గ్యాసే. సోడా తాగి పండుకున్నా. ఈ ఫ్యాను ఒకటి, టకటకా కొట్టుకుంటా నిద్ర పోనీదు."

"ఆస్పత్రికి పోరా."

"మల్లేశు వాళ్ళు డ్యూటీ నించి రానీ, పోతాంలే."

బయట బారన్ పిలుస్తున్నాడు. రేపు మాట్లాడతానని చెప్పి పెట్టేశాను. ఇంకోసారి గట్టిగా చెప్పి ఉండాల్సింది. అది నా తప్పే, దాన్ని ఇంకెవరి మీదా వేయను.

నాలుగున్నరకు మొదలైంది. బారన్ పడుకున్నాడు. వర్గీస్ పుస్తకం తెరిచాడు. నేను కాళ్ళ దగ్గర నిలబడ్డాను. ప్రార్థన సగంలో ఉండగా నేను చేసిన పని నేను అనుకుని చేసింది కాదు. నా భుజం మీది తెల్ల తుండుగుడ్డ అంచు చింపాను. వర్గీస్ ఆ చప్పుడుకు తలెత్తి చూశాడు. బారన్ బొటనవేళ్ళు రెండూ కలిపి, సాక్సుల మీదే, ఆ పీలికతో కట్టాను. మా ఇంట్లో ఒక్క ముడే వేస్తారు, చితి దగ్గర విప్పాలి కాబట్టి. ఒక్క ముడే వేశాను. టీ చెంచాతో ఆయన పెదాల మధ్య నీళ్ళు పోశాను. అరచేత్తో కళ్ళ మీద రాశాను.

ఇక్కడ ఒక మాట. బారన్ పాదాలకు పట్టు సాక్సులున్నాయి. ఆయన పాదాలు నున్నగా, ఎప్పుడూ చల్లగా ఉంటాయి, వాపు వచ్చినప్పుడు నూనె రాసింది నేనే కాబట్టి తెలుసు. కానీ ఆ ముడి వేస్తున్నప్పుడు నా వేళ్ళకు తగిలింది గరుకైన చర్మం. సిమెంటుకు పగిలిన మడమ. వెచ్చగా ఉంది. ఇది నేను తర్వాత కల్పించుకున్నదా అని చాలాసార్లు ఆలోచించాను. ఆ క్షణంలోనే చెయ్యి వెనక్కి తీసుకున్నాను, వర్గీస్ అది చూశాడు. అంతవరకు మాత్రం కల్పన కాదు.

ఆ రోజు బారన్ ఒక్క తప్పు కూడా చెప్పలేదు. ప్రార్థన అయిపోయినా లేవలేదు. "సార్" అని వర్గీస్ రెండుసార్లు పిలిచాడు. మూడోసారికి కళ్ళు తెరిచి, పైకప్పు వైపు చూసి, "ఆ ఫ్యాను ఆపమనండి, ఇందాకట్నుంచి కొట్టుకుంటోంది" అన్నాడు. హాల్లో ఫ్యాను లేదు. కరెంటు పోయిందీ లేదు, వచ్చిందీ లేదు. మిఠాయి పంచడం మరచిపోయాడు. పీలిక విప్పి ఉతికి వంటగది తీగ మీద ఆరేశాను. గడియారం అయిదు దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది.

ఏడున్నరకు మల్లేశు ఫోన్ చేశాడు. మా తమ్ముడి రూమ్‌లో ఉండేవాడు, జగిత్యాల వైపు మనిషి. సంగతి చెప్పాడు. వాళ్ళు డ్యూటీ నుంచి వచ్చేసరికే అయిపోయింది. సాయంత్రం అయిదు ప్రాంతంలో గుండె ఆగి ఉంటుందని తర్వాత డాక్టరు అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. బారన్ కూడా కారెక్కాడు. నేను పనిలో చేరాక ఆయన బహ్లా దాటడం అదే మొదటిసారి. అదే నల్లకోటు వేసుకున్నాడు. దారంతా నాకు ఒక్కటే ఆలోచన. వాడు పోయేటప్పుడు పక్కన ఎవరూ లేరు. నలుగురు ఉండే గదిలో ఒంటరిగా పోయాడు. ఒక చుక్క నీళ్ళు పోసేవాళ్ళు లేరు. ఊళ్ళో వాడి భార్య రమణమ్మ ఇదే అడుగుతుంది. ఏం చెప్పాలి?

ఆస్పత్రిలో శవం ముఖం వరకు చూశాక, సామాన్లు తీసుకోవడానికి మబేలాలో రూముకు వెళ్ళాం. మల్లేశు నన్ను గుమ్మం పక్కకు పిలిచాడు.

"అక్కా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. నిన్న నువ్వు గిన ఇటు అచ్చినవా?"

"నేనా? బహ్లాలో ఉంటిని. ఎందుకు?"

"మేం అచ్చేసరికే కాళ్ళ బొటనేళ్ళు కట్టి ఉండె. కండ్లు మూసి ఉండె. మూతికాడ, దిండు మీద తడి."

"మీలో ఎవురన్నా కట్టినారేమో."

"పోలీసోళ్ళు అచ్చేదాంక ఎవ్వలు ముట్టద్దన్నడు క్యాంప్ బాస్. మేం గీ గుమ్మంలనే నిలబడ్డం. అయినా మాకాడ రెండు ముళ్ళేస్తరక్కా. గది ఒక్కటే ముడి."

నేను లోపలికి వెళ్ళాను. దండెం మీద వాడి లుంగీ ఉంది. ఆకుపచ్చ గళ్ళది, నేనే కొనిచ్చింది. ఒక పక్క అంచు పొడుగునా చిరిగి, వేలెడు వెడల్పు పీలిక లేదు. తలుపుకు గడియ లేదని మల్లేశే చెప్పాడు. పక్క రూముల్లో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరో ఒకరు చూసి, చేయాల్సింది చేసి, పోలీసుల భయంతో చెప్పకుండా వెళ్ళిపోయి ఉండొచ్చు. అందరినీ అడిగాను. ఆ వేళకు అందరూ సైట్‌లో ఉన్నామన్నారు. మా అమ్మ కాళ్ళకు ఒక్క ముడి వేసిన సంగతి మబేలాలో తెలిసినవాడు మా తమ్ముడు ఒక్కడే.

బారన్ గుమ్మం దాకా వచ్చాడు. రూమ్‌లో ఫ్యాను తిరుగుతోంది, ఒక రెక్క ఎక్కడో తగిలి టకటకమంటోంది. ఆయన దాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. లోపలికి రాకుండా కారు దగ్గరికి నడిచాడు.

తిరిగి వస్తుంటే దారిలో రమణమ్మ ఫోన్ చేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"వదినా, నోట్లో నీళ్ళన్నా పోసినారా ఎవురన్నా?"

"పోసినారు."

"ఎవురు?"

పక్కన వర్గీస్ కారు నడుపుతున్నాడు. వెనక బారన్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆమెకు తెలుసు బహ్లా ఎంత దూరమో. ఏడాదికి రెండుసార్లే కలుస్తామని వాడే ఎన్నోసార్లు ఆమెతో చెప్పి ఉంటాడు. మల్లేశు పేరు చెబితే సరిపోయేది, నమ్మేది. నేను చెప్పలేకపోయాను.

"నేనే" అన్నాను.

"అయితే సరే వదినా" అని పెట్టేసింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

నేను చెప్పింది అబద్ధమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. అబద్ధమైతే ఆ పీలిక ఎవరు చింపారో చెప్పేవాళ్ళు లేరు. నిజమైతే ఇంకో ప్రశ్న ఉంది, అది నన్ను నిద్రపోనివ్వదు. నేను ఆ ముడి వేసే వేళకు వాడు పోయాడా, ఇంకా ఉన్నాడా? నా వేళ్ళకు తగిలిన కాళ్ళు వెచ్చగానే ఉన్నాయి. బతికున్న మనిషికి చేయకూడదని ప్రతి ఏడూ చెప్పిందాన్ని నేనే.

బారన్‌కు ఇప్పుడు ఎనభై మూడు. ఉత్తరాలకు జవాబులు రాస్తూనే ఉన్నాడు. ఆయన పుట్టినరోజులు రెండు వచ్చి వెళ్ళాయి. ఆ ఇంట్లో అంత్యక్రియల అభ్యాసం ఇప్పుడు చేయడం లేదు.