ఎడమ వైపుకే జరిగిన రెండో మానిటర్

దయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు. అందుకు నాకు గట్టి కారణమే ఉంది. మా బందరులో మా పేట చుట్టుపక్కల తిరిగే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. మంగినపూడి దారిలో లిఫ్టు అడిగే తెల్లచీర ఆవిడ కూడా నా కల్పనే. ఈమధ్య ఒకాయన ఆవిణ్ణి కళ్ళారా చూశానని వచ్చి నాకే చెప్పాడు. మర్యాదగా విన్నాను.

నేను ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాను. చరిత్రలో లేనివి కూడా చెప్తానని మా ఆవిడ సుజాత అంటుంది. నలుగురిలో నేనేదైనా కథ ఎత్తుకుంటే, చివర్లో ఆవిడ మాట ఒకటి ఉంటుంది. "పదో వంతు నమ్మండి, చాలు." అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఆ లెక్కలోది కాదు.

సుజాతది మెడికల్ కోడింగ్ ఉద్యోగం. డాక్టర్ల రిపోర్టులు చదివి, అందులో ఉన్న ప్రతి జబ్బుకీ ఒక కోడ్ వేయాలి. ఆఫీసు బెజవాడలో. రోజూ బందరు నుంచి బస్సులో వెళ్ళొచ్చి నడుం పట్టేసింది. పోయినేడాది వాళ్ళు ఒక అవకాశం ఇచ్చారు. ఒక వారం ఇంటి నుంచి చేసి చూపించాలి. పని సాఫీగా సాగితే ఇక ఇంట్లోనే, సాగకపోతే మళ్ళీ బస్సే. రెండు మానిటర్లు మాత్రం ఉండి తీరాలన్నారు. ఒకదాంట్లో రిపోర్టు, ఇంకోదాంట్లో కోడ్.

మా ఇంట్లో కంప్యూటర్ ఉన్నది మా అత్తగారు కరుణమ్మ గారి కుట్టుమిషను బల్ల మీద. ఆవిడ అవనిగడ్డలో బట్టలు కుట్టి, సుజాతనీ, తమ్ముడు ప్రభునీ చదివించింది. క్రిస్మస్ ముందు ఆ ఇంట్లో గౌన్ల మధ్య నడవడానికి దారి దొరికేది కాదట. ఆవిడ పోయాక పాడైపోయిన మిషను తీసేసి, ఇనప కాళ్ళతో, తొక్కే పెడల్‌తో సహా బల్లని సుజాత తెచ్చుకుంది. ఎడమ వైపు మడిచే చెక్క ఒకటి ఉంటుంది. అటు కిటికీ, ఎండ. అందుకని ఆ చెక్క కిందికి దించేసి, కుడివైపు ఒక స్టూలు చేర్చి, రెండో మానిటర్ దాని మీద పెట్టాను.

రెండు మానిటర్లు పెట్టినవాళ్ళకి తెలుసు, ఏది ఏ పక్కన ఉందో కంప్యూటర్‌కి మనమే చెప్పాలి. సెట్టింగుల్లో 1, 2 అని రెండు డబ్బాలు కనిపిస్తాయి. రెండో డబ్బాని కుడివైపుకి లాగి వదిలాను. మౌస్ బాణం ఈ తెర కుడి అంచు దాటి ఆ తెర మీదకి చక్కగా నడిచి వెళ్ళింది. సుజాత కాఫీ ఇచ్చింది. మా ఇంట్లో అది సన్మానం కింద లెక్క.

మర్నాడు పొద్దున్నే పిలుపు. బాణం కుడి అంచు దగ్గర గోడకి తగిలినట్టు ఆగిపోతోంది. ఎడమకి తోస్తే మాయమై కుడి మానిటర్‌లో తేలుతోంది. సెట్టింగులు తెరిచి చూస్తే రెండో డబ్బా ఎడమ వైపు కూర్చుని ఉంది. మళ్ళీ కుడికి లాగాను. ఆ మర్నాడు మళ్ళీ ఎడమకే వచ్చింది.

సుజాత నా వంక చూసిన చూపు మీరు ఊహించుకోవచ్చు. ఒక ఏప్రిల్ ఒకటిన ఆవిడ స్క్రీన్ తలకిందులు చేసిన ఘనత నాది.

"ఏవండీ, వేళాకోళానికి ఇది వారం కాదు. మళ్ళీ బస్సెక్కిస్తారా నన్ను?"

"నేను ముట్టుకోలేదే."

"తెల్లచీర ఆవిడ వచ్చి మార్చిందా?"

నేను ఫోన్ అందుకున్నాను.

ప్రభుకి గుడివాడలో కంప్యూటర్ షాపుంది. ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి వచ్చాడు. కేబుల్ మార్చాడు, వెనక వేరే సాకెట్లో పెట్టాడు, డ్రైవరు కొత్తగా ఎక్కించాడు. డబ్బాని కుడికి జరిపి, ఆపేసి ఆన్ చేసి చూశాడు. కదల్లేదు.

"ఇక కదలదు బావా. నువ్వు కదిపితే తప్ప."

ఆ సాయంత్రం సుజాత పాస్‌వర్డ్ మార్చింది. నాకు చెప్పలేదు. గదికి తాళం వేసి, తాళంచెవి దిండు కింద పెట్టుకుంది. నన్ను దొంగలా చూస్తోందని కాస్త చిన్నబోయాను కానీ, లోపల సంతోషమే. రేపటితో నా నిర్దోషిత్వం తేలిపోతుంది.

తేలిపోయింది. పొద్దున ఆవిడే తాళం తీసి, ఆవిడే పాస్‌వర్డ్ కొట్టింది. నేను గుమ్మం దాటలేదు. రెండో డబ్బా ఎడమ వైపే ఉంది.

సుజాత బల్ల ఎడమ అంచు మీద చెయ్యి వేసి నెమ్మదిగా నిమిరింది.

"అమ్మకి కుడివైపు చోటుండేది కాదండి," అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. మిషను ఒళ్ళంతా, చక్రంతో సహా, సూదికి కుడివైపే ఉంటుంది. కుట్టేది జాకెట్టైనా పెళ్ళిగౌనైనా బట్టంతా ఎడమకే పరుచుకోవాలి. ఆ మడత చెక్క ఉన్నదే అందుకు. చిన్నప్పుడు సుజాత కుడివైపు పుస్తకాలు పెడితే, కరుణమ్మ గారు తల ఎత్తకుండానే, "అటు తియ్యవే, పని ఎటు సాగుతుందో చూడు," అనేదట.

"అటే పెడదామండి," అంది సుజాత.

స్టూలు తీసేశాను. మడత చెక్క పైకి ఎత్తి, కిటికీకి తెర కట్టి, మానిటర్ దాని మీద పెట్టాను. ఏళ్ళ తరబడి బట్ట రాసుకుని ఆ చెక్క నున్నగా, గాజులా అయిపోయింది. ఆ నున్నటి చోటే మానిటర్ స్టాండు కుదురుగా కూర్చుంది. సెట్టింగుల జోలికి వెళ్ళే పనే పడలేదు. రెండో డబ్బా అప్పటికే అక్కడుంది.

ఇక్కడ నేను బల్ల కింద పెడల్ తనంతట తను ఆడిందని చెప్పొచ్చు. చెప్పాలని నాలుక దురద పెడుతోంది కూడా. ఆడలేదు. ఉప్పుగాలికి అది ఎప్పుడో తుప్పు పట్టింది.

ఆ డబ్బా మళ్ళీ కదల్లేదు. వారం సాఫీగా గడిచింది. సుజాత ఇప్పుడు ఇంట్లోనే పనిచేస్తోంది, పాదాలు ఆ పెడల్ మీద ఆనించుకుని. నడుం నొప్పి మాట ఎత్తడం లేదు. నా కాఫీ కూడా వేళకి వస్తోంది.

మొన్నామధ్య ఆదివారం అందరం పాలకాయతిప్ప బీచికి వెళ్ళాం. ఒడ్డున క్యారేజీలు విప్పి తింటుంటే, చుట్టాలు కథ చెప్పమన్నారు. ఇది చెప్పాను. ప్రభు తన వంతుగా సాకెట్లూ ఉప్పుగాలీ అని ఏదో వివరించాడు కానీ, అది ప్రతిసారీ ఎడమకే ఎందుకు వెళ్ళిందో మాత్రం చెప్పలేకపోయాడు. చివర్లో అలవాటుగా అందరూ సుజాత వైపు తిరిగారు, పదో వంతు మాట కోసం నవ్వడానికి సిద్ధంగా.

ఆవిడ ప్రభు కూతురికి చేప ముళ్ళు తీసి పెడుతోంది. తల ఎత్తలేదు.

"ఈసారి మొత్తం నమ్మండి," అంది.

ఎవరూ నవ్వలేదు. ప్రభు సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు.

అది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఇంత కల్పించేవాణ్ణి, దీనికి ఒక కారణం కల్పించలేకపోయాను.