మామ కొరికిన నైలాను దారం

జువ్వలదిన్నెలో మేమంతా మామా అని పిలిచే పెద్దాయన వలలు అల్లేవాడు. ముడి వేసి, మిగిలిన దారాన్ని పంటితో టక్కున తెంపడం ఆయన అలవాటు. ఆ ముందుపన్నే ఊడిపోతే, మద్రాసు డాక్టరొకాయన దవడ ఎముకలోకి లోహపు మేకు దించి కొత్త పన్ను బిగించాడు. ఎముక ఆ మేకును గట్టిగా పట్టుకునేదాకా పంటితో ఏదీ లాగొద్దని చెప్పి పంపాడు. మామ బుద్ధిగా చాకు పట్టాడు.

బడి మానేసినా నోరు మానని నేను ఊరుకుంటానా?

"ఏంది మామా, మద్రాసు పన్ను ఫోటోకేనా?" అన్నాను. వల దగ్గరున్నవాళ్ళంతా నవ్వారు.

"అయితే చూడరా" అని మామ దారాన్ని పంట కరిచి లాగాడు. అది పాత నూలు దారం కాదు, అప్పుడప్పుడే వస్తున్న నైలాను. అది తెగలేదు, ఆయనా వదల్లేదు.

నెల తిరక్కుండానే పన్ను కదిలింది. మేకు చుట్టూ ఎముక కరిగిపోయిందని, అక్కడ ఇంకొకటి నిలవదని చెప్పి డాక్టరు దాన్ని తీసేశాడు.

మామ నన్ను ఒక్క మాటా అనలేదు. పక్కన కూర్చుంటే మాత్రం, చాకు ఒళ్ళోనే ఉన్నా, ముడి వేసి దారం నాకే అందించేవాడు.

"కొరుకు అల్లుడా, నీవి సొంత పళ్ళు గదా."

తప్పయిపోయిందని చెప్పడానికి ఎన్నిసార్లో నోరు తెరిచాను. తెరిచినప్పుడల్లా అందులో దారం పెట్టాడు.