సుభద్ర మొహం కదలని రోజులు

ఖాసింబీ మా గోడ అవతల కుట్టు మిషన్ పెట్టుకున్న మనిషి. ఒకరోజు పొద్దున నేను వాకిట్లో ఉండగా వచ్చింది. "అన్నా, వదిన నా మీద ఎందుకో అలిగింది. రెండు నెలల బట్టీ చూస్తన్నా, ఎంత పలకరిచ్చినా మొఖం బండలాగా పెట్టుకుంటంది. నేనేం తప్పు చేశా?" అని అడిగింది.

"మా ఇంటి ఆడవాళ్ళు వీధిలో పళ్ళికిలించరు" అన్నాను. గర్వంగానే అన్నాను.

కారంపూడి దగ్గర మా ఊళ్ళో ఒకప్పుడు చుట్టుపక్కల తగువులన్నీ మా తాతగారి వాకిట్లోనే తెగేవి. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. నా దాకా మిగిలింది మూడెకరాల మిర్చి చేను, ఆ బిగుసుకున్న మొహం. నా భార్య సుభద్ర నా మేనమామ కూతురు. దారిన పోయేవాళ్ళందరితో నవ్వుతూ మాట్లాడుతుందని పెళ్ళయినప్పటి నుంచీ కసిరేవాణ్ణి. నలభై ఒకటో ఏట ఆ నవ్వు ఆగింది. ఇన్నాళ్ళకు ఇంటి మర్యాద తెలిసిందని సంతోషించాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

తర్వాత ఆమె కుడి భుజం పట్టేసింది. నరసరావుపేటలో ఎముకల డాక్టర్ ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. ఫిజియోథెరపీకి ఏడాది తిరిగాం. బస్టాండులో ఎవరైనా అడిగితే పెళ్ళికి వెళ్తున్నామని చెప్పేవాణ్ణి. ఈలోగా ఆమె చేతిరాత చీమల బారులా చిన్నదైపోయింది. చివరికి ఖాసింబీయే అంది: "అన్నా, వదిన నడుస్తంటే ఒక చెయ్యి ఊగట్లా. నువ్వు చూశావో లేదో. నరాల డాక్టర్‌కి చూపిచ్చు."

గుంటూరులో న్యూరాలజిస్ట్ సుభద్రను వరండాలో నడిపించి చూశారు. తర్వాత ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఒకసారి నవ్వమ్మా" అన్నారు ఆవిడ.

"నవ్వుతానే ఉన్నానమ్మా" అంది సుభద్ర.

ఆమె మొహంలో ఏమీ కదలలేదు. అప్పటిదాకా నిటారుగా నిలబడి ఉన్న నేను పక్కనున్న బల్ల మీద కూర్చున్నాను.

పార్కిన్సన్స్ అన్నారు. "వయసు చిన్నది. మీ ఇళ్ళల్లో మేనరికాలున్నాయా?"

"మూడు తరాలుగా. మేం బయటి సంబంధాలు చెయ్యం."

డాక్టర్ జెనెటిక్ టెస్ట్ రాశారు. పార్కిన్ అనే జీన్‌లో అమ్మవైపు కాపీ, నాన్నవైపు కాపీ రెండూ చెడ్డవని రిపోర్ట్ వచ్చింది. దగ్గరి సంబంధాల్లో పుట్టినవాళ్ళకు ఇలా రెండూ కలిసే అవకాశం ఎక్కువట. ఆవిడ ఓపిగ్గా చెప్పారు: "కణంలో పాడైన ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రం లాంటిది ప్రొటియాసోమ్. ఏది ముక్కలు చెయ్యాలో గుర్తు వేసేవాటిలో పార్కిన్ ఒకటి. ఆ గుర్తు పడకపోతే చెత్త పేరుకుంటుంది. మెదడుకు మైక్రోగ్లియా అని కాపలా కణాలున్నాయి. ఈ శుభ్రం చేసే పని సాగకపోతే అవి రెచ్చిపోయి, పక్కనున్న మంచి కణాలను కూడా దెబ్బతీస్తాయని అనుకుంటున్నారు. వాటిని శాంతపరిచే మందు ఇంకా రాలేదండీ."

ప్రొటీన్ పేరుకుంటుందన్న మాట ఒక్కటే నా బుర్రకెక్కింది. ఇంటికొచ్చి సుభద్రకు పప్పు, గుడ్డు, పాలు మాన్పించాను. ఎవరినీ అడగలేదు. ఒకరిని అడగడం మా ఇంట్లో అలవాటు లేదు. మూడు నెలల్లో చిక్కిపోయి, పెరట్లో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

సంగతి విని గుంటూరు డాక్టర్‌కి కోపం వచ్చింది. "కణంలో చెత్త వేరు, కంచంలో పప్పు వేరు. మీకెవరు చెప్పారండీ మానమని?"

"నేనే అనుకున్నాను" అన్నాను.

"పోనీలేమ్మా. మా బావ ఏ తప్పు చేసినా గట్టిగా చేస్తాడు" అంది సుభద్ర. డాక్టర్ నవ్వారు. అది హాస్యమో నిష్ఠూరమో ఆ మొహం చూసి నాకు తెలియలేదు.

ఇప్పుడు లెవోడోపా మాత్ర రోజుకు నాలుగుసార్లు. భోజనంతో కలిపి వేస్తే సరిగా పట్టదని, అరగంట ముందు వేస్తాను. మాత్ర పనిచేసే కాసేపు నడక తేలికపడుతుంది. మందు ప్రభావం దిగిపోతే గడప దగ్గర పాదాలు అతుక్కుపోతాయి. జబ్బు ముందుకే పోతోంది. ఆ పాత నవ్వు పూర్తిగా తిరిగి రాదని డాక్టర్ చెప్పేశారు.

ఇంట్లో మనిషి మొహంలో కదలిక తగ్గి, నడకలో ఒక చెయ్యి ఊగకపోతే, వయసు చూడకుండా న్యూరాలజిస్ట్ దగ్గరకు తీసుకెళ్ళండి. పొగరనో, అలకనో, పద్ధతి నేర్చుకుందనో మీకు మీరే అనుకోకండి. నోరు తెరిచి అడగండి. నేనిప్పుడు రోజూ అడుగుతున్నాను. మొన్న ఖాసింబీ ఏదో చెప్పి తనే పడీపడీ నవ్వుతుంటే, "నీకు నవ్వు రాలేదా?" అన్నాను సుభద్రతో.

"ఇందాకే నవ్వా బావా. నువ్వే చూళ్ళా" అంది.