లిఫ్టులో మోగని గంట

ఆఫీసులో ఆవిడ అసలు పేరు ఎవరి నోటా వినపడదు. అందరికీ చీపురమ్మే. లిఫ్టులను నడిపే ప్రోగ్రాములు రాసే కంపెనీ అది. వాటిలో వాడని ముక్క ఒక్కటి కనిపించినా, దాన్ని ఊడ్చి పారేసేదాకా ఆవిడకు కాలు నిలవదు. ఇంట్లోనూ అదే వరస. నాలుగు రోజులు తొడగకపోతే చొక్కా మాయమైపోతుందన్న భయంతో వాళ్ళాయన ఉన్న చొక్కాలన్నీ వంతులవారీగా తొడుగుతుంటాడు, పాపం.

ఈసారి ఆ గుణమే అక్కరకొచ్చింది. కొత్త లిఫ్టు చిప్పులో చోటు తక్కువ, ప్రోగ్రామేమో బారెడు. ఆ మధ్యాహ్నమే ఒక భవనం యజమాని వచ్చి, ఆఫీసులో పెట్టిన నమూనా లిఫ్టు ఎక్కి చూస్తానన్నాడు. పై అంతస్తులో వాళ్ళమ్మ ఉంటుంది, ఆవిడకు మోకాళ్ళు అరిగిపోయాయి. తనకు నమ్మకం కుదిరితేనే ఆర్డరు అన్నాడు. ప్రోగ్రాములో ఎవరూ పేరెత్తని ముక్కలన్నీ తీసెయ్యమని చీపురమ్మ, ప్రోగ్రామును చిప్పు భాషలోకి మార్చే కంపైలరుకు పురమాయించింది. అది తు.చ. తప్పకుండా ఆ పని చేసింది. ప్రోగ్రాము చిప్పులో చక్కగా పట్టేసరికి ఆవిడ ముఖం చాటంతయింది.

యజమానిని ఎక్కించుకుని, రెండంతస్తుల మధ్య కావాలనే లిఫ్టు ఆపింది. ఇలా ఇరుక్కుపోతే ఈ గంట నొక్కితే చాలు, కిందున్న మెకానిక్ వచ్చి విడిపిస్తాడని చెప్పి, ఠీవిగా నొక్కింది. చడీచప్పుడూ లేదు. మళ్ళీ నొక్కింది. ఊహూఁ. చివరికి ఇద్దరూ గొంతు చించుకుని అరిస్తే మెకానిక్ వచ్చి తలుపు తీశాడు.

యజమానికి టీ ఇప్పించి, ఆవిడ పరుగున వచ్చి కంప్యూటరు ముందు కూలబడింది. కారణం ఇట్టే దొరికింది. గంట మోగించే ముక్కను ప్రోగ్రాములో మిగతా ముక్కలేవీ పిలవవు. లిఫ్టు గోడకున్న బొత్తాం నొక్కితే చిప్పే నేరుగా దాని దగ్గరికి దూకుతుంది. గోడకు బొత్తాం ఉందని కంపైలరుకేం తెలుసు? దిక్కులేనిదనుకుని గంటను గెంటేసింది. ఎవరూ పిలవకపోయినా దీన్ని ఉంచమని ఆ ముక్క నెత్తిన ఒక గుర్తు రాసి, చీపురమ్మ మళ్ళీ యజమానిని పిలిచింది.

రెండోసారీ గంట మూగనోము పట్టింది.

"మా అమ్మ గొంతుకు ఇంత బలం లేదమ్మా," అన్నాడు యజమాని, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుతో.

ఆ మాటకు ఆవిడ ప్రాణం చివుక్కుమంది. మెకానిక్ తలుపు తీసి "మళ్ళీ మీరేనా మేడమ్?" అన్నా కోపం రాలేదు.

ఈసారి తప్పు కంపైలరుది కాదు. అది చెప్పిన మాట విని గంటను ఉంచింది. దాని తర్వాత ముక్కలన్నీ కలిపి అతికించే లింకరు ఒకటుంది. దానికీ ఓ చీపురుంది. దానికి చెప్పినవాళ్ళెవరూ లేరు. పెళ్ళికి అత్తగారిని పిలిచి ఆడపడుచును మరిచిపోయినట్టయింది వ్యవహారం. మరిచిపోయినందుకు తనను తానే తిట్టుకుంటూ లింకరుకు కూడా విడిగా చెప్పింది, గంట జోలికి పోవద్దని.

మూడోసారి యజమాని ఎక్కనంటే ఎక్కనన్నాడు. ఆవిడ ఒక్కతే వెళ్ళి, మధ్యలో ఆపి, గంట నొక్కింది. భవనమంతా దద్దరిల్లిపోయింది. మెకానిక్ వచ్చి తలుపు తీసినా ఆవిడ వేలు తియ్యలేదు. కళ్ళల్లో నీళ్ళు, నోటినిండా నవ్వు.

యజమాని లిఫ్టు గడప దగ్గరే నిలబడి అడిగాడు. "ఏళ్ళ తరబడి ఎవరూ నొక్కలేదనుకోండి. అప్పుడు మళ్ళీ తీసేస్తారా?"

"ఎవరికీ నొక్కే అవసరం రాకూడదనేనండీ నా కోరిక. వచ్చినా రాకపోయినా, అది అక్కడే ఉంటుంది."

ఆయన లోపలికొచ్చాడు. తనూ ఒకసారి నొక్కి చూసుకుని, రేపు అమ్మను తీసుకొస్తానన్నాడు.