మిషన్ కింద నిమ్మకాయ

ఈ పొద్దున కొత్త ఫ్రిజ్‌కు బొట్లు పెట్టి, దిష్టి నిమ్మకాయ చేతిలోకి తీసుకోగానే ఆ వాసనకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి. రాణమ్మ టీచర్ గుర్తొచ్చింది.

అప్పుడు యాకుత్‌పురాలో మేం పైపోర్షన్‌లో, ఆమె కిందిపోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. మంచంపట్టిన అత్తమ్మ దుప్పట్లు రోజూ ఉతకాల్సిందే. నాకేమో లాడ్ బజార్‌లో గాజుల దుకాణంలో పని దొరికింది. వాషింగ్ మిషన్ ఉంటేనే గడప దాటగలనని తంటాలు పడి కొన్నాం. అదేం ఖర్మో, నీళ్లు పిండే దగ్గరికి వచ్చేసరికి పూనకం వచ్చినట్టు ఊగేది! ఓనర్ పైకొచ్చి, "ఆదివారం కల్లా మిషన్ తీస్తవా, ఇల్లు ఖాళీ చేస్తవా?" అన్నాడు. మిషన్ పోతే నా పనీ పోయినట్టే.

కింద టీచర్ ఇంటి కప్పు సున్నం రాలుతోందని నాకు తెలుసు. ఆమె మెట్లెక్కి రాగానే, లొల్లి తప్పదని కొంగు దోపి నిలబడ్డాను. ఆమె నా వంక చూడనైనా లేదు.

"బట్టలన్నీ తియ్యి బిడ్డా. బడిలో బెంచీ ఊగితే పిల్లలను లేపే చూసేదాన్ని."

ఖాళీ మిషన్ మీద అరచేతులు ఆనించి ఒక్కో మూలా నొక్కింది. వెనక మూల టక్కుమంది. ఇద్దరం జరిపి చూస్తే, మిషన్ కాలి కింద, కొన్ననాడు పూజ చేసి పెట్టిన నిమ్మకాయ ఎండి చెక్కలా అతుక్కుని ఉంది.

"అయ్యో, దిష్టికి పెట్టింది టీచర్! తీస్తే ఏమన్నా అయితదేమో."

"దాని పని అది చేసింది గదా. నేను చర్చికి పోయేదాన్నే, నీ మొక్కును తప్పువట్ట. కానీ నాలుగు కాళ్లూ నేల మీదుండాలె."

తీశాక శానా నయమైంది. బొంత ఒక్కటే వేసినప్పుడు మాత్రం మళ్లీ ఎగిరింది. "ఒకదిక్కు ముద్దయితుంది. రెండు దుప్పట్లు తోడెయ్యి" అంది టీచర్. వేశాను, కుదురుకుంది.

ఆదివారం ఓనర్ రాగానే టీచర్ చాయ్ గ్లాసు తెచ్చి మిషన్ మీద పెట్టింది. "తాగు అన్నా."

"ముందు మిషన్ నడిపియ్యుండ్రి, చూస్త."

"నడుస్తనే ఉంది. రాలేది నా ఇంటి కప్పు, నాకే లేని ఫికర్ నీకేంది?"

గ్లాసులో చాయ్ కొంచెం వణికిందే తప్ప ఒలకలేదు. ఆయన నవ్వాపుకోలేక తాగేసి వెళ్లాడు. మర్నాడు నేను పనికి వెళ్లాను.

ఇప్పటికీ అదే దుకాణం. ఎవరైనా అగ్గిమీద గుగ్గిలమై వస్తే మాటకు మాట అనను. ఏమైందో ముందు చూస్తాను. టీచర్ ఇప్పుడు లేదు. ఇందాక ఫ్రిజ్ కాలి కింద నిమ్మకాయ పెట్టి, దండం పెట్టుకుని, వెంటనే తీసేశాను. నాలుగు మూలలూ నొక్కి చూశాను. ఎక్కడా కదల్లేదు.

"చూసినవా టీచర్!" అని పైకే అనేశాను.