ఉప్పెన రోజు వలతాడు

పొద్దుటి నుంచీ వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉన్నాను, స్టవ్ మీద పాలు పొంగిపోయినా పట్టించుకోలేదు. నేను మొట్టమొదట టీచరుగా చేరిన సముద్రపు ఒడ్డు ఊరి బడికి ఇప్పుడు నా పాత శిష్యురాలే హెడ్మిస్ట్రెస్. ఈ ఏడు ఉప్పెన రోజున పిల్లల చేతులకి తాడు కట్టొద్దని తల్లిదండ్రులు పట్టుబట్టారట, కొవ్వొత్తులు వెలిగించి కాసేపు మౌనం పాటిస్తే సరిపోతుందన్నారట, ఏం చెయ్యమంటారండీ అని ఫోన్‌లో మెసేజ్ పెట్టింది. నా ఈడు వాళ్ళకి ఉప్పెన అన్న మాటకే ఒళ్ళు జలదరిస్తుంది గానీ, ఇప్పటి పిల్లలకి అది పాఠంలో ఒక పేరా. అందుకని ఆ తాడు సంగతి కాస్త వివరంగానే చెప్పాలి.

నేను రాజమండ్రి నుంచి ఆ ఊరు వెళ్ళేసరికి ఉప్పెన వచ్చి ఎనిమిది తొమ్మిదేళ్ళయింది. సముద్రం ఊరి మీద పడ్డ ఆ రోజున, ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క డాబా మా బడి కావడంతో, అందుకోగలిగిన వాళ్ళంతా దాని మీదికి ఎక్కారట. గాలికి మనుషులు తూలి పడిపోతుంటే, చేపలు పట్టే పాలెం వాళ్ళు తమ వలతాళ్ళు తీసి, ఎవరు ఏ వీధి వాళ్ళన్నది చూడకుండా పక్కపక్కనున్న వాళ్ళ మణికట్లు కలిపి కట్టేశారట. అలా కట్టుకున్నవాళ్ళు బతికి బట్టకట్టారు. నీళ్ళు తీశాక తాళ్ళు విప్పుకుని ఎవరి వీధికి వాళ్ళు, ఎవరి బావికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఇది మాత్రం ఆ డాబా మీదే ప్రాణాలు దక్కించుకున్న మా హెడ్మాస్టారు గారికి మింగుడుపడలేదు. అందుకే ఏటా ఆ రోజున పిల్లల్ని డాబా మీద వరసగా నిలబెట్టి, పాలెం పిల్లల చేత అందరి మణికట్లకీ వలతాడు ముడులు వేయించి, జరిగిందంతా చెప్పేవారు. ఎవరి పక్కన ఎవరన్నది ఆయన ఇష్టం. ఒకడికి ముక్కు దురద పెడితే పక్కవాడి చెయ్యి కూడా లేవాల్సిందే, ఒకడికి ఒంటేలు వస్తే వరసంతా మెట్లు దిగాల్సిందే. మొదట్లో కిచకిచ నవ్విన పిల్లలే కాసేపటికి పక్కవాడి అడుగు చూసుకుని తమ అడుగు వేసేవారు.

నేను చేరిన ఏడే నా అయిదో తరగతిలో మునసబుగారి మనవరాలు తన పక్కన కూర్చునే పాలెం పిల్లని నీచు కంపు కొడుతున్నావంది, నీ చేత్తో తాడు కట్టించుకోనని కూడా అంది. లెక్కల్లో క్లాసుకంతా ముందుండే ఆ పిల్ల మర్నాటి నుంచి బడికి రావడం మానేసింది. నేనే పాలెం వెళ్ళి బతిమాలితే, ఇసుకలో ఎండుచేపలు తిరగేస్తున్న వాళ్ళమ్మ తలెత్తకుండానే "మాటలు పడి చదవక్కర్లేదండి. తట్ట నెత్తికెత్తుకుని నాతో వస్తదండి" అంది. అక్కణ్ణించి అదే కోపంతో మునసబుగారింటికి వెళ్ళాను. కోడలుగారు కాఫీ ఇచ్చి, పిల్లలన్నాక ఏదో అనుకుంటారులెండి అని తేల్చేశారు. వరండాలో కూర్చున్న మామ్మగారు, అంటే మునసబుగారి భార్య, అంతా విని కూడా నోరు విప్పలేదు. ఆవిడ మీదా నాకు ఒళ్ళు మండింది.

ఉప్పెన రోజు వచ్చింది. ఏటా లాగే తాడు ఇచ్చి వెళ్ళిపోదామని డాబా మీదికి వచ్చిన తల్లి వెనకాల ఆ పాలెం పిల్ల నక్కి నిలబడింది. మునసబుగారి మనవరాలు చేతులు వెనక్కి దాచుకుంది. అప్పుడే మామ్మగారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. తిన్నగా ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపి, "కట్టు తల్లీ, ఆవేళ మీ అమ్మ కట్టింది" అన్నారు. తర్వాత మనవరాలి వైపు తిరిగారు.

"నువ్వప్పుడు పసిగుడ్డువే. నా చేతులు తిమ్మిరెక్కి జారిపోతుంటే ఈవిడే నిన్ను తీసుకుని, తన పిల్లతో కలిపి ఒక్క కొంగులో చుట్టుకుంది. అప్పుడు లేని కంపు ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందే?"

"అయ్యన్నీ ఇప్పుడెందుకండి" అని ఆ తల్లి మొహం తిప్పేసుకుంది. ఇన్నేళ్ళూ ఆవిడా ఎవరికీ చెప్పుకోలేదు. మనవరాలు ఏడుస్తూ నిలబడింది గానీ చెయ్యి ఇవ్వలేదు. పాలెం పిల్లా తొందరపడలేదు, తాడు పట్టుకుని అలాగే నిలబడింది. వరసంతా ఎదురు చూసింది. చివరికి ఆ చెయ్యి మెల్లిగా ముందుకొచ్చింది. ముడి వేసి, "బిగుతుగా ఉందా?" అని అడిగింది పాలెం పిల్ల. మర్నాడు నా కంటే ముందే బడికి వచ్చి కూర్చుంది.

ఇవాళ నాకు మెసేజ్ పెట్టిన హెడ్మిస్ట్రెస్ ఆ పిల్లే. తాడు వద్దన్న వాళ్ళలో మా పాలెం వాళ్ళు కూడా ఉన్నారండి, మా పిల్లల చేత తాళ్ళు కట్టించి మేమెవరమో పదిమందిలో గుర్తుచెయ్యకండి అంటున్నారండి అని చివర్లో రాసింది. ఆ మాట దగ్గరే నా మనసు కలుక్కుమంది. వాళ్ళని తప్పు పట్టలేను, పోనీలే అని ఊరుకోనూ లేను. ఇప్పుడు ఆ ఊళ్ళో అన్నీ డాబాలే, తుపాను కబురు ముందుగానే ఫోన్లోకి వచ్చేస్తుంది, పక్కవాడి మణికట్టుతో ఎవరికీ పని లేదు. ప్రాణాలు దక్కుతున్నాయి, సంతోషమే. కానీ పక్కన నిలబడ్డది ఎవరో తెలియకుండానే పిల్లలు పెద్దవాళ్ళయిపోతున్నారు.

పాలెం పిల్లల చేత కట్టించొద్దు, ఈసారి నేనే వచ్చి ముడి వేస్తాను, మొదటి కొస నా చేతికే అని జవాబు రాశాను. రెండో కొసకి ఎవరైనా చెయ్యి చాపుతారా అన్నదే నా బెంగ.